బంగారమ్మత్త ముక్కు

కొబ్బరి నూనె తలకి రాసుకునేదని పుట్టినప్పటి నుంచీ నమ్మినవాణ్ణి నేను. మా నాన్న కూడా అదే నమ్మకంతో మిల్లు పెట్టాడు, అదే నమ్మకంతో పోయాడు. ఇప్పుడు హైదరాబాదులో ఎవరో దాన్ని మూకుట్లో పోసి జంతికలు వేయిస్తున్నారట. వేయించుకోనీ, నాకేం. కానీ తలకి రాసుకునే నూనె నోట్లోకి వెళ్లేసరికి, రాజోలు అవతల కాలవ గట్టు మీదున్న మా రేకుల షెడ్డుకి ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్టు కావాల్సి వచ్చింది.

మా నూనెలో ముప్పాతిక భాగం కొనే హైదరాబాదు కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు. దసరా లోపల ఆడిట్ చేయించుకుని సర్టిఫికెట్టు చూపించండి, లేకపోతే మేం వేరేచోట కొనుక్కుంటాం అన్నారు. చాలా మర్యాదగా రాశారు. మూడుసార్లు చదివాను, మూడోసారి కూడా అదే అర్థం వచ్చింది. వాళ్లు కొనడం మానేస్తే మిల్లు మూసుకోవాలి. నాతో పాటు ఇంకో ఆరుగురు ఇంటికి పోవాలి.

ఆడిట్‌కి మమ్మల్ని తయారు చెయ్యడానికి కాకినాడ నుంచి దుర్గాశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఇలాంటి మిల్లులకి కాగితాలు సిద్ధం చేసిపెట్టడమే ఆవిడ పని. పాతికేళ్లుంటాయేమో, ఒక్క మాట కూడా గట్టిగా అనదు. మొదటిరోజే షెడ్డంతా తిరిగి నలభై రెండు తప్పులు రాసుకుంది. బల్బులకి తొడుగులు లేవు. అమ్మవారి క్యాలెండరు మేకుకి వేలాడుతోంది, ఆ మేకు ఊడి నూనెలో పడొచ్చు. నేల తుడిచే గుడ్డ ఒక రంగులో, బల్ల తుడిచే గుడ్డ ఇంకో రంగులో ఉండాలి. ఎలకల బోన్లు ఎక్కడెక్కడ పెట్టామో పటం గీయాలి.

"బోన్లు లేవండి, పిల్లి ఉందండి" అన్నాను.

ఆవిడ పిల్లిని కూడా తప్పుల్లో రాసుకుంది.

తర్వాత ఒక కాగితం ఇచ్చి అందరి పేర్లూ, హోదాలూ రాయమంది. రాత్రి భోజనం మానుకుని మరీ నింపాను. బంగారమ్మ – అత్త. వీరదుర్గ – వదిన. ఇశ్రాయేలు – బాబాయ్. పొద్దున్న దుర్గాశ్రీ దాన్ని చాలాసేపు చూసింది.

"అమ్మిరాజుగారూ, ఇక్కడ రాయాల్సింది వాళ్లు చేసే పనండి. చుట్టరికం కాదండి."

"మిల్లులో అలాగే పిలుచుకుంటామండి. సూపర్‌వైజరూ అని పిలిస్తే ఒక్కరూ పలకరండి."

ఆవిడ నవ్వు ఆపుకుని ఇంకో కాగితం ఇచ్చింది. నాకు అప్పటికే తల తిరుగుతోంది. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేస్తున్న పనిని ఎలా చేస్తున్నావని ఎవరన్నా అడిగితే, ఉన్నట్టుండి ఎలా నడుస్తున్నావని అడిగినట్టే ఉంటుంది. అడుగు తడబడుతుంది.

"ఎండుకొబ్బరి మంచిదో కాదో ఎలా తేలుస్తారండి?" అని అడిగింది.

ఈ ఒక్కదానికీ నా దగ్గర జవాబుంది. "బంగారమ్మత్త వాసన చూస్తారండి" అన్నాను గర్వంగా.

బంగారమ్మత్త మాకు నిజంగా మేనత్తేం కాదు, ఊరి వరస. ముప్పై ఏళ్ల కిందట మొగుడు పోయాక మా నాన్న దగ్గర పనిలో చేరింది. ఎండుకొబ్బరి చిప్పల్ని గానుగలో వెయ్యబోయే ముందు ఏరడం ఆవిడ పని. పైకి కనిపించే బూజుని ఎవరైనా ఏరేస్తారు. పైకి తెల్లగా ఉండి లోపల చెమ్మగా ఉన్న చిప్పే అసలు ప్రమాదం. అలాంటివి నాలుగు పడితే ఆ వాయంతా పాడు. ఆవిడ చిప్పని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. అంచున చిన్న ముక్క పుటుక్కున విరుస్తుంది. మంచిదైతే కుడి బుట్ట, కాకపోతే ఎడమ బుట్ట. మా నాన్న ఎవరొచ్చినా ఆవిణ్ణి చూపించి, మిషన్లన్నీ ఒక ఎత్తు, ఆ ముక్కు ఒక ఎత్తు అనేవాడు.

ఊళ్లో ఆవిడ పేరే ముక్కు బంగారమ్మ. ఎవరు నెయ్యి కొన్నా గిన్నె తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టి, బావుందంటేనే ఇంటికి పట్టుకెళతారు. పెళ్లిళ్లకి వంటవాళ్లు నూనె డబ్బా మూత తీసి ముందు ఆవిడకి చూపిస్తారు. ఆవిడకి పొలం లేదు, పుట్ర లేదు. ఆ మాట చెల్లుబడే ఆవిడ ఆస్తి.

ఒకటే ఇబ్బంది. ఆవిడ ఏరుతున్నంతసేపూ గానుగ ఆపాలి. "గానుగ తిరుగుతుంటే వేడి నూనె వాసన అడ్డొత్తాదండి అల్లుడుగారూ" అంటుంది. రోజూ పొద్దున్నే అరగంట మిల్లు మూగబోతుంది. నేను రోజూ సణుగుతాను, రోజూ ఆపుతాను.

ఇదంతా విని దుర్గాశ్రీ కలం పక్కన పెట్టింది.

"అంటే ఆవిడ ముక్కే మీ పరికరం అన్నమాట. పరికరాన్ని ఏడాదికోసారి పరీక్ష చేసి, సరిగ్గా పనిచేస్తోందని రాసిపెట్టుకోవాలండి. కాటాకి చేయిస్తాం చూడండి, అలాగ."

నేను గట్టిగా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు పన్నెండు స్టీలు డబ్బాలు తెచ్చింది. కొన్నిట్లో మంచి కొబ్బరి కోరు, కొన్నిట్లో చెమ్మపట్టి బూజు వాసనొచ్చే కోరు వేసి పైన పల్చటి గుడ్డ కట్టింది. గుడ్డ మీంచే నాకే కంపు తెలుస్తోంది. బంగారమ్మత్త పీట మీద కూచుని ఒక్కో డబ్బా ఎత్తి, కళ్లు మూసుకుని చెప్పింది. పన్నెండులో ఆరు తప్పు.

"స్టీలు వాసన కలిసిపోయిందండి" అన్నాను దుర్గాశ్రీతో. ఆవిడ కాదనలేదు. మర్నాడు గాజు సీసాల్లో పెట్టింది. ఈసారి ఏడు తప్పు.

"ఆయ్, తప్పేనండి" అంది బంగారమ్మత్త, ఎవరో కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకున్నట్టు.

దుర్గాశ్రీ నన్ను బయటికి పిలిచింది. "తేమ మీటరు ఒకటి కొనండి. ఏరే పని ఇంకెవరికైనా ఇచ్చి, ఆవిడకి వేరే పని చూడండి. ఆడిట్‌కి పది రోజులే ఉందండి."

వేరే పనంటే ఏముంది? బస్తాలు మోయాలి, లేదా గానుగ దగ్గర రోజంతా నిలబడాలి. ఆవిడకి మోకాళ్లు లేవవు. ఆ పీట మీంచి లేపితే ఇంటికి పంపడమే. పన్నెండు డబ్బాలు నా మిల్లుని ఇలా తిరగేస్తాయని నేను అనుకోలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లినా బంగారమ్మత్త వెళ్లలేదు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

"అల్లుడుగారండీ, నాకు వాసన తెల్దండి" అంది చీపురు ఆపకుండానే. "కరోనా రెండోసారి వచ్చినప్పుడు జొరం వచ్చింది చూడండి, అప్పుడు పోయిందండి. వచ్చేత్తాది, వచ్చేత్తాది అనుకున్నాను. రాలేదు. మల్లిపూలూ, కిరసనాయిలూ నాకు ఒకటేనండి."

"నాలుగేళ్ల నుంచా?"

"ఆయ్."

నాకు కోపం వచ్చింది. దాచుకునేదేముంది, ఒళ్లు మండింది. నాలుగేళ్లుగా ఈవిడ రోజూ చిప్పని ముక్కు దగ్గర పెట్టుకుని నా ఎదురుగా నాటకం ఆడుతుంటే, ఆ నాటకం కోసం నేను గానుగ ఆపుకుంటూ కూచున్నాను.

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయిందండి అత్తా? ఇన్నాళ్లూ బూజు కొబ్బరి ఆడించి అమ్మానా నేను?"

"ఏం చెప్పమంటారండి. మీ నాన్నగారు ముక్కుని చూసి పనిలో పెట్టుకున్నారు. ముక్కు లేదంటే నన్నెవరు ఉంచుకుంటారండి." ఇంకేదో అనబోయి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాక కోపం తగ్గి అయోమయం మొదలైంది. ఈ నాలుగేళ్లలో మా నూనె బాగాలేదని ఒక్కళ్లూ అనలేదు. అంతకుముందు, ఆవిడ ముక్కు నిక్షేపంగా ఉన్న రోజుల్లో, రెండుసార్లు డ్రమ్ములు తిరిగొచ్చాయి. ముక్కు పోయాకే నూనె బాగుపడిందా? ఇదేం తిరకాసు? ఎటు తిప్పి చూసినా పొంతన కుదరలేదు.

తెల్లవారి పళ్లు తోముకుంటుంటే ఒక సంగతి తట్టింది. గానుగ ఆపమనడం ఆవిడకి మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. మా నాన్న ఉన్నప్పుడు గానుగ తిరుగుతూనే ఉండేది, ఆవిడ ఏరుతూనే ఉండేది. ఆపమన్నది ఆ జ్వరం తర్వాతే. వాసనే తెలియని మనిషికి వేడి నూనె వాసన ఎలా అడ్డొస్తుంది?

పుక్కిలించిన నీళ్లు అలాగే ఊసేసి మిల్లుకి పరిగెత్తాను.

ఇరవై చిప్పలు తీశాను. దుర్గాశ్రీ నమూనాకి వదిలి వెళ్లిన తేమ మీటరుతో చూసి, పది పొడివీ పది చెమ్మవీ వేరు చేసి, అడుగున నంబర్లు రాశాను. గానుగ ఆపించాను. బంగారమ్మత్త కళ్లకి తువ్వాలు కట్టి, రోజూ చేసినట్టే చెయ్యమన్నాను. ఆవిడ భయంభయంగా చిప్పని ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత అంచు విరిచింది. అప్పుడు చూశాను నేను, ముప్పై ఏళ్లలో మొదటిసారి. విరిచేటప్పుడు తల కొద్దిగా కుడివైపు వాలుతుంది. చెవి చిప్ప దగ్గరికి వస్తుంది.

ఇరవైకి ఇరవై ఒప్పు.

గానుగ తిప్పమని ఇశ్రాయేలుకి సైగ చేశాను. మోటారు హోరులో అదే ఇరవై మళ్లీ ఇచ్చాను. ఎనిమిది తప్పు.

"మీరు వింటున్నారండి అత్తా" అన్నాను తువ్వాలు విప్పుతూ. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. "పొడిదైతే టక్కుమంటుంది, చెమ్మదైతే అనదు. ముక్కు కంటే మీ చెవే గట్టిది."

ఆవిడ మొహంలో సంతోషం లేదు. "అది చేతి వాటవండి. అదీ ఓ పనేనా? ఊళ్లోవాళ్లు నెయ్యి తెచ్చి నా చెవి దగ్గర పెట్టరు కదండి. నాలుగేళ్ల నుంచి కనపడ్డ నెయ్యినల్లా బావుందనే చెబుతున్నానండి. ఇప్పుడిది బయటికి పొక్కితే ఎవరి మొహం చూడను?" అని నా చెయ్యి పట్టుకుంది. "కాగితంలో రాయకండి అల్లుడుగారూ. మీకు దణ్ణం పెడతాను."

ఎవరైనా అంత మాట అంటే నేను కాదనలేను. మా వైపు మనిషి పరువు దగ్గరికొచ్చేసరికి ఎదుటివాడి బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది. నేను ఆయ్ అన్నాను.

దుర్గాశ్రీకి జరిగింది చెప్పి, కాగితంలో మాత్రం 'వాసన, శబ్దం రెండూ చూసి ఏరతారు' అని రాయమన్నాను. ఆవిడ కలం ఎత్తలేదు.

"చేసేది రాయాలండి, రాసింది చెయ్యాలండి. ఆడిట్ అంటే అంతేనండి. చెయ్యనిది రాస్తే దొరికిపోతాం."

"సగం నిజమే కదండీ."

"ఫైలు మీది, మీ ఇష్టమండి" అని రాసేసింది.

ఆడిట్‌కి వచ్చినాయన పేరు జ్ఞానప్రకాశం. సన్నగా, తెల్ల చొక్కా వేసుకుని, బస్సు దిగి ఆటోలో వచ్చాడు. కొబ్బరి బొండం కొట్టి ఇస్తే, పనయ్యాక బయట తాగుతానండి అన్నాడు. మర్యాదకి లొంగని మనిషితో ఎలా మాట్లాడాలో మాకు ఎవరూ నేర్పలేదు.

ఆయన ఏది అడిగినా మావాళ్లందరిదీ ఒకటే జవాబు. చేతులు కడుక్కుంటారా? ఆయ్. టోపీ పెట్టుకుంటారా? ఆయ్. ఇబ్బందిగా ఉంటే తీసేస్తారా? ఆయ్. వచ్చిన పెద్దమనిషిని కాదనడం ఎవరికీ చేతకాలేదు. ఆయన ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దుర్గాశ్రీ గోడవైపు తిరిగింది.

చివరికి ఏరే పీట దగ్గరికి వచ్చాడు. గానుగ ఆగి ఉంది. వీరదుర్గ వదినా, ఇశ్రాయేలు బాబాయ్, మిగతా ముగ్గురు ఆడవాళ్లూ పని మానేసి చుట్టూ చేరారు. ఆయన ఎడమ బుట్టలోంచి, పైకి తెల్లగా కనిపిస్తున్న చిప్ప ఒకటి తీసి బంగారమ్మత్త చేతిలో పెట్టాడు.

"వాసన చూసి ఏరతారని రాశారమ్మా. విరవకుండా, వాసన చూసి చెప్పండి. ఇదెలా ఉంది?"

ఆవిడ చిప్పని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నాకు ఆ బూజు వాసన రెండు బారల దూరంలోనే తెలుస్తోంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎడమ బుట్టలోంచి తీశాడు కదా, చెడ్డదని ఆవిడే ఊహించి చెప్పేస్తే బాగుండునని అమ్మవారికి మొక్కుకున్నాను. ఆవిడ అలాగే కూచుంది.

"ఇవాళ ఆవిడకి జలుబండి" అన్నాను. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బంగారమ్మత్త కళ్లు తెరిచి నన్ను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"లేదండి" అంది.

పొద్దుటి నుంచీ ఆ షెడ్డులో ఎవరూ అనని మాట అది.

"జలుబు కాదండి. నాకు వాసన తెల్దండి. నాలుగేళ్లయింది. అల్లుడుగారు నా పరువు కోసం అలా రాయించేరండి. ఆయన తప్పేం లేదు, నేనే దణ్ణవెట్టి అడిగేను."

వీరదుర్గ వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మొన్న ఆదివారమే నెయ్యి గిన్నె తెచ్చింది పాపం.

"మరి ఎలా ఏరుతున్నారమ్మా?"

"విరిచి వింటానండి. విరవమంటారా?"

ఆయన తలూపాడు. ఆవిడ ఈసారి ముక్కు దగ్గర పెట్టుకోలేదు. నలుగురి ఎదుటా చిప్పని నేరుగా చెవి దగ్గరికి తీసుకుని విరిచింది. "పోయిందండి ఇది. లోపల చెమ్మగా ఉంది" అంది.

ఆయన మీటరు పెట్టి చూశాడు. తనే బుట్టలు కలిపేసి, ఇంకో పది తీసి ఇచ్చాడు. ఒక్కోటీ విరిచి చెబుతుంటే ఒక్కోదానికీ మీటరు పెట్టాడు. పదో చిప్ప అయ్యాక కూచుని చాలాసేపు రాసుకున్నాడు. నాకు మిల్లు తలుపులకి తాళం వేస్తున్నట్టే ఉంది.

"ఆవిడ చెవితో నాకు పేచీ లేదండి అమ్మిరాజుగారూ" అన్నాడు చివరికి. "మీ కాగితంతోనే పేచీ. లేని వాసన ఎందుకు రాశారు? దాన్ని దిద్దండి. చెవి అని రాయండి, నెలకోసారి మీటరుతో సరిచూసి సంతకం పెట్టండి. ఆవిడ రాని రోజుకి ఇంకొకరికి నేర్పించండి. అవి పంపించాకే సర్టిఫికెట్టు." బయటికి వెళ్లి గట్టు మీద నిలబడి బొండం తాగాడు, ఇంకోటి కూడా అడిగాడు.

కాగితం ఆ రోజే దిద్దాను. పరికరం అన్నచోట చెవి అని రాస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రాయాల్సింది మొదటే రాసి ఉంటే ఆవిడకి అంత మందిలో ఆ మాట చెప్పుకోవాల్సిన అవసరం వచ్చేది కాదు. పరువు కాపాడదామని బయల్దేరి పీట మీద కూచోబెట్టి మరీ ఆ పరువు తీశాను. వీరదుర్గ వదిన మర్నాటి నుంచీ ఆవిడ పక్కన కూచుని నేర్చుకుంటోంది. నెయ్యి ఊసు వాళ్లిద్దరూ ఎత్తినట్టు లేదు. దసరాకి నాలుగు రోజుల ముందు సర్టిఫికెట్టు వచ్చింది. మేకు వద్దన్నారు కాబట్టి బల్ల మీద నిలబెట్టాం.

ఆ పొద్దున్న మొదటి వాయి నూనె దిగాక గిన్నెలో పట్టి చూస్తున్నాను. బంగారమ్మత్త మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

"అల్లుడుగారండీ, ఓ మాట అడగనా. కొత్త నూనె వాసన ఎలా ఉందండి?"

నేను గిన్నె దించి ఆవిడ వైపు తిరిగాను.

"ఈ నాలుగేళ్లలో ఎవర్నీ అడగలేకపోయేనండి. అడిగితే తెలిసిపోద్దని" అంది.

వేలు ముంచి వాసన చూశాను. కొబ్బరి నూనె కొబ్బరి నూనె వాసనే వేస్తుంది, ఏం చెప్పను? అదే చెప్పాను. ఆవిడ కదల్లేదు, ఇంకా చెప్పమన్నట్టు చూస్తోంది. మళ్లీ వేలు ముంచాను. ఈసారి ఆవిడ చేసినట్టే కళ్లు మూసుకున్నాను.

"మా నాన్న చొక్కా వాసనండి" అన్నాను. "సాయంత్రం మిల్లు నుంచి వచ్చి చిలక్కొయ్యకి తగిలించేవారు చూడండి, ఆ చొక్కా."

ఆవిడ కూడా కళ్లు మూసుకుంది.

"ఆయ్. అదేనండి" అంది. తర్వాత వెళ్లి పీట మీద కూచుని, గానుగ ఆపమంది. సణక్కుండా ఆపాను.